మోటారు అదుపునకు వచ్చిన కథ

హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై సుమారు వంద కిలోమీటర్ల దూరమున, కర్ణాటక సరిహద్దు దాపున జహీరాబాదు పట్టణమున్నది. చెరకు, అల్లము, జొన్న పండు ఈ ఎర్రనేలల ప్రాంతమునకు మోటారు వాహనముల పరిశ్రమతో సంబంధము 1980వ దశకమున కలిగినది. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ సంస్థ, జపాను దేశపు నిస్సాన్ కంపెనీ సహకారముతో ఇచట తేలికపాటి లారీలను తయారు చేయించినది. ఆ కర్మాగారము తరువాత మహీంద్రా సంస్థ చేతికి వచ్చినది. 2013లో ఆ సంస్థ ఇచటనే ట్రాక్టర్ల కర్మాగారమును కూడ ప్రారంభించినది.

ట్రాక్టరనగానే మనకు డీజిలు ఇంజను జ్ఞప్తికి వచ్చును. కాని తాళపుచెవి త్రిప్పగానే ఆ ఇంజనును మొదట కదలించునది ఒక విద్యుత్ మోటారు. లారీ అద్దముపై వాననీటిని తుడుచునది మరియొక మోటారు. నేటి వాహనములు పెక్కింటిలో వేగమును చూపు ముల్లును త్రిప్పునది కూడ ఒక చిన్న మోటారే. వీనిలో మొదటి రెండును ఒక జాతివి. వీనిని ఏకముఖ విద్యుత్తుతో తిరుగు మోటార్లు, లేక డి.సి. మోటార్లు అందురు. ముల్లును త్రిప్పునది వేరు జాతి. అది అంచెలంచెలుగా తిరుగును గనుక దానిని స్టెప్పరు మోటారు అందురు.

2016లో నీతి ఆయోగ్ ప్రారంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల వలన నేడు అనేక ఉన్నత పాఠశాలలలో ఈ రెండు జాతుల మోటార్లును, మైక్రోకంట్రోలరు పలకలును పిల్లల చేతికి వచ్చినవి. అచట ఒక ప్రశ్న పుట్టుట సహజము. స్టెప్పరు మోటారు కొరకు చేసిన డ్రైవరు పలక ఒకటి బల్లపై నున్నది. బొమ్మకారులోని రెండు తీగల డి.సి. మోటారు ఒకటి ఉన్నది. ఆ పలకతో ఈ మోటారును నడుపవచ్చునా? నడుపవచ్చుననియు, నడుపరాదనియు రెండు సమాధానములును వినవచ్చును. రెండును కొంతవరకు నిజములే. ఏది ఎప్పుడు నిజమో తెలియనిచో పలకయో మోటారో కాలిపోవును. అంతకంటె పెద్ద నష్టమేమనగా, కారణము తెలియకయే విద్యార్థి ఆ పనిని విడిచిపెట్టును. ఆ కారణమును తెలిసికొనుటకు, మోటారును అదుపులోనికి తెచ్చుటకై రెండు వందల సంవత్సరములుగా జరిగిన కృషిని కొంత పరిశీలింతము.

మోటారు లోపలి స్విచ్చి

1820లో డెన్మార్కు దేశీయుడు ఎయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ దాపున దిక్సూచి ముల్లు కదలుట గమనించెను. మరుసటి సంవత్సరమున, అనగా 1821లో, లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే పాదరసపు గిన్నెలో అయస్కాంతము నుంచి, దాని చుట్టు ఒక తీగ నిరంతరముగా తిరుగునట్లు చేసెను. విద్యుదయస్కాంత ప్రభావము వలన కలిగిన మొదటి నిరంతర భ్రమణమిదియే. 1822లో బార్లో అను ఆంగ్లేయుడు పాదరసమున అంచు తగులునట్లు ఒక చక్రమును తిప్పెను. ఇవి చూచుటకు వింతలే గాని, పని చేయించుకొనుటకు ఉపయోగపడునవి కావు.

చిక్కు ఎచటనున్నదో చూడుడు. అయస్కాంత ధ్రువముల నడుమ ఒక తీగచుట్టను ఉంచి విద్యుత్తు పంపినచో అది సగము చుట్టు తిరిగి ఆగిపోవును. ఇంకను తిరుగవలెనన్నచో సరిగా ఆ క్షణమున ప్రవాహపు దిశను మార్చవలెను. ఈ పనిని 1832లో ఇంగ్లండు దేశీయుడు విలియం స్టర్జన్ కమ్యుటేటరు సహాయమున సాధించెను. ఇరుసుపై రెండుగా చీల్చిన రాగి కడియము, దానిని తాకుచు రెండు బ్రష్షులు. చుట్ట సగము తిరుగగానే కడియపు ముక్కలు ఒక బ్రష్షు నుండి రెండవదానికి మారును. దానితో చుట్టలోని ప్రవాహము దిశ మార్చుకొనును. కావున కమ్యుటేటరు అనునది మోటారు లోపలనే అమర్చిన స్విచ్చి అని చెప్పవచ్చును. దీనిని నొక్కువాడు వేరే లేడు. మోటారు తన స్విచ్చిని తానే వేసికొనుచు తిరుగును. ఈ సంగతిని పాఠకులు మనస్సున ఉంచుకొనవలెను. ముందు దీనితో మనకు పని కలదు.

1837లో అమెరికాలో థామస్ డావెన్‌పోర్ట్ అను కమ్మరి విద్యుత్ మోటారుకు పేటెంటు పొందెను. 1838లో రష్యాలో యాకోబి అను శాస్త్రజ్ఞుడు నేవా నదిపై బ్యాటరీలతో ఒక పడవను నడిపెను. కాని నాటి బ్యాటరీలలో కరిగిపోవు జింకు ఖరీదు బొగ్గు ఖరీదు కంటె ఎంతో హెచ్చు. 1873లో వియన్నా ప్రదర్శనములో గ్రామ్ అను బెల్జియం దేశీయుని డైనమోకు మరియొక డైనమో నుండి విద్యుత్తు నీయగా అది మోటారుగా తిరిగినది. అప్పటినుండి ఒకచోట ఉత్పత్తియైన విద్యుత్తుతో మరియొకచోట యంత్రము నడుపవచ్చునను నమ్మకము కలిగినది.

వేగము మార్చుట

మోటారు తిరిగినంత మాత్రమున చాలదు. కోరిన వేగముతో తిరుగవలెను. ఇచట ఒక విశేషము గమనింపదగినది. మోటారు తిరుగుచున్నపుడు దాని చుట్టలు అయస్కాంత క్షేత్రమును ఖండించును గనుక వానిలో డైనమోలో వలె విద్యుత్తు పుట్టును. 1834లో లెంజ్ చెప్పిన సూత్రము ప్రకారము ఇది మనమిచ్చు విద్యుత్తునకు ఎదురుగా పనిచేయును. దీనిని వ్యతిరేక విద్యుచ్చాలక బలము అందురు.

ఒక ఉదాహరణము తీసికొందము. చుట్ట నిరోధము 3 ఓములు గల చిన్న మోటారుకు 6 ఓల్టులు ఇచ్చితిమనుకొనుడు. అది కదలక ముందు ఎదురు బలము లేదు. కావున 6ను 3తో భాగింపగా 2 ఆంపియర్ల ప్రవాహము కలుగును. బరువు లేక వేగముగా తిరుగునపుడు ఎదురు బలము 5.4 ఓల్టులకు చేరినచో మిగిలినది 0.6 ఓల్టు మాత్రమే, ప్రవాహము 0.2 ఆంపియరు. అనగా ఆగియున్న మోటారు తిరుగు మోటారు కంటె పది రెట్లు విద్యుత్తు త్రాగును. చక్రము దేనికైన అడ్డుపడి నిలిచిపోయినపుడు మోటారు వేడెక్కుటకు ఇదియే కారణము.

ఈ ధర్మమునే మేలుగా మార్చుకొన్నవాడు అమెరికా ఇంజనీరు ఛార్లెస్ కెట్టరింగ్. ఇంజనును చేతితో త్రిప్పి ప్రారంభించు కాలమున ఆ కడ్డీ వెనుకకు తన్ని చేతులు విరుగుచుండెడివి. కొద్ది సెకండ్లు మాత్రమే పనిచేయు మోటారు తన శక్తిని మించిన ప్రవాహమును భరింపగలదని గ్రహించి, కెట్టరింగ్ చిన్న మోటారుతోనే ఇంజనును త్రిప్పు సాధనమును రూపొందించెను. 1912లో కాడిలాక్ కార్లలో అది అమర్చబడినది. నేటి ట్రాక్టరులోని స్టార్టరు మోటారు దాని సంతతియే. దానిని నిముషముల తరబడి త్రిప్పరాదని డ్రైవర్లు చెప్పుటలోని రహస్యము కూడ ఇదియే.

వేగము తగ్గించుటకు తొలి ఉపాయము మోటారుతో శ్రేణిలో నిరోధమును కలుపుట. 1895లో మద్రాసు వీథులలో మనదేశపు మొదటి విద్యుత్ ట్రాములు నడచినవి. ఆ కాలపు ట్రాములలో డ్రైవరు చేతిపిడిని అంచెలంచెలుగా త్రిప్పుచు నిరోధములను చేర్చుచు, తీసివేయుచు, రెండు మోటార్లను ఒకపుడు శ్రేణిలోను ఒకపుడు సమాంతరముగాను కలుపుచు వేగము మార్చెడివాడు. ఇందలి లోపము నష్టము. 12 ఓల్టుల బ్యాటరీ నుండి 6 ఓల్టుల మోటారుకు 1 ఆంపియరు ఇయ్యవలెనన్నచో తక్కిన 6 ఓల్టులు నిరోధములో వృథాయగును. మోటారు పుచ్చుకొన్నది 6 వాట్లు. నిరోధము వేడి రూపమున పారవేసినది మరి 6 వాట్లు. పైగా మోటారుపై బరువు మారినపుడెల్ల వేగమును మారిపోవును.

1891లో హారీ వార్డ్ లెనార్డ్ అను అమెరికా ఇంజనీరు వేరు త్రోవ త్రొక్కెను. పెద్ద మోటారుకు విద్యుత్తు నిచ్చుటకే ప్రత్యేకముగా ఒక డైనమోను ఉంచి, ఆ డైనమో అయస్కాంతపు చుట్టలోని కొద్దిపాటి ప్రవాహమును మార్చి, పెద్ద మోటారు వేగమును సున్న నుండి పూర్తి వరకు రెండు దిశలందును మార్చగలిగెను. గనులలోను, లిఫ్టులలోను, ఉక్కు మిల్లులలోను ఈ పద్ధతి చిరకాలము వాడుకలో నుండెను. కాని ఒక మోటారు కొరకు మరి రెండు యంత్రములు కావలెను. బొమ్మకారుకు ఇది పనికిరాదు. లారీ అద్దమును తుడుచు మోటారులో మరియొక సులభోపాయము కానవచ్చును. రెండు బ్రష్షులకు తోడు మూడవ బ్రష్షును ప్రక్కగా అమర్చి, దానికి విద్యుత్తు మార్చినపుడు మోటారు వేగముగా తిరుగునట్లు చేయుదురు. అయితే దీని వలన దొరకునవి రెండు వేగములే.

నాలుగు స్విచ్చుల అమరిక

డి.సి. మోటారును వెనుకకు త్రిప్పవలెనన్నచో దాని రెండు తీగలను తారుమారు చేసిన చాలును. ఆ పనిని చేతితో గాక స్విచ్చులతో చేయుటకు నాలుగు స్విచ్చులు కావలెను. రెండు నిలువు గీతలు గీసి, నడుమ ఒక అడ్డగీత గీయుడు. అది ఆంగ్లములోని హెచ్ అక్షరము. అడ్డగీత మోటారు. నిలువు గీతల పైభాగమున రెండు స్విచ్చులు ధన ధ్రువమునకు, క్రింది భాగమున రెండు స్విచ్చులు ఋణ ధ్రువమునకు కలుపబడియున్నవి. ఎడమ పైస్విచ్చియు కుడి క్రిందిస్విచ్చియు మూసినచో ప్రవాహము ఎడమ నుండి కుడికి పోవును. తక్కిన రెండును మూసినచో కుడి నుండి ఎడమకు పోవును. మోటారు వెనుకకు తిరుగును. క్రింది రెండు స్విచ్చులను మాత్రమే మూసినచో తిరుగుచున్న మోటారు తన విద్యుత్తును తనలోనే ప్రవహింపజేసికొని త్వరగా ఆగును. ఒకే నిలువు గీతపై నున్న రెండింటిని మాత్రము ఎన్నడును కలిపి మూయరాదు. అట్లు చేసినచో బ్యాటరీ ధ్రువములు నేరుగా కలిసి స్విచ్చులు కాలిపోవును. ఈ అమరికకే హెచ్ బ్రిడ్జి అని పేరు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనువారు ట్రాన్సిస్టరును కనుగొనిరి. కదలు భాగములు లేక సెకండుకు వేలసార్లు మూసి తెరువగల స్విచ్చి దీనితో లభించినది. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు పెద్ద ప్రవాహములకు తగిన సిలికాన్ కంట్రోల్డ్ రెక్టిఫయరును వెలువరించిరి. వీని వలన వేగమును మార్చుటకు ఒక కొత్త మార్గమేర్పడినది. నిరోధముతో విద్యుత్తును అడ్డగించుటకు బదులు, పూర్తిగా ఇచ్చుచు పూర్తిగా ఆపుచు ఉండుట. సెకండులో కొన్ని వందలసార్లు మూసి తెరచుచు, ప్రతిసారియు సగము కాలము మాత్రమే మూసి ఉంచినచో 6 ఓల్టుల బ్యాటరీ నుండి మోటారుకు సగటున 3 ఓల్టులు చేరును. చుట్టకు గల ప్రేరకత్వము వలనను, ఇరుసు జడత్వము వలనను మోటారు అదరక నున్నగా తిరుగును. మూసిన స్విచ్చిలో ఓల్టేజి దాదాపు లేదు. తెరచిన స్విచ్చిలో ప్రవాహము లేదు. కావున వేడి రూపమున పోవు నష్టము చాల స్వల్పము. ఈ పద్ధతిని పి.డబ్ల్యు.ఎం. అందురు.

దీనిలో ఒక మెలకువ కలదు. స్విచ్చి తెరచిన క్షణమున చుట్టలోని ప్రవాహము వెంటనే ఆగజాలక పెద్ద ఓల్టేజిని పుట్టించును. ఆ ప్రవాహమునకు త్రోవ చూపు డయోడులు లేనిచో ట్రాన్సిస్టర్లు చెడిపోవును.

స్విచ్చి బయటికి వచ్చినది

ఇక స్టెప్పరు మోటారు సంగతి. 1920వ దశకముననే బ్రిటిషు యుద్ధనౌకలలో ఇట్టి మోటార్లు వాడబడినవి. తరువాత కంప్యూటర్ల ప్రింటర్లలోను, ఫ్లాపీ డిస్కు యంత్రములలోను ఇవి విరివిగా వాడుకలోనికి వచ్చినవి. దీనిలో అయస్కాంతము మధ్యన తిరుగును, చుట్టలు చుట్టును కదలక ఉండును. కమ్యుటేటరు లేదు, బ్రష్షులు లేవు. అనగా డి.సి. మోటారు లోపలనుండిన స్విచ్చి దీనిలో లేదు! ఆ స్విచ్చి పనిని ఎవరో బయటనుండి చేయవలెను. సామాన్యముగా వాడు నాలుగు తీగల స్టెప్పరులో రెండు చుట్టలుండును. ఆ రెండింటిలోను ప్రవాహమును వరుసక్రమమున అటునిటు మార్చుచు పోయినచో ఇరుసు ఒక్కొక్క మార్పునకు ఒక్కొక్క అంచె తిరుగును. ఒక చుట్టునకు 200 అంచెలు గల మోటారులో అంచె 1.8 డిగ్రీలు.

ఒక చుట్టలో ప్రవాహమును రెండు దిశలకును మార్చుటకు ఏమి కావలెను? నాలుగు స్విచ్చులు, అనగా ఒక హెచ్ బ్రిడ్జి. రెండు చుట్టలకు రెండు హెచ్ బ్రిడ్జిలు. స్టెప్పరు డ్రైవరు అనుదాని మూలపదార్థము ఇంతయే. డి.సి. మోటారుకు రెండు దిశలలో తిరుగుటకు కావలసినది కూడ ఒక హెచ్ బ్రిడ్జియే. మన ప్రశ్నకు సమాధానము ఇచటనే ఉన్నది.

ఆజ్ఞ నిచ్చు మెదడు

స్విచ్చులు దొరకినవి. వానిని సమయమెరిగి మూసి తెరచు మెదడు కావలెను. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థను ప్రారంభ దశలో నడిపినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో ఈ సంస్థ నుండి వెలువడినది. ఆనాటి కంప్యూటరు బీరువాలంత ఉండెడిది. బొమ్మకారు మోటారుకు అట్టి యంత్రమును తగిలించుట ఊహింపరాని సంగతి.

1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఎం.ఎస్. 1000, 1976లో ఇంటెల్ వారి 8048, 1980లో 8051 వెలువడినవి. లెక్కించు భాగము, జ్ఞాపక భాగము, బయటికి ఆజ్ఞలు పంపు కాళ్లు అన్నియు ఒకే చిప్పులో ఇమిడిన ఇట్టివానికి మైక్రోకంట్రోలర్లని పేరు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు రూపొందిన ఆర్డుయినో పలక దీనిని పాఠశాలల దాక తెచ్చినది.

కాని మెదడునకు కండబలము లేదు. ఆర్డుయినో ఊనో పలకపై ఒక్కొక్క కాలు నుండి సురక్షితముగా తీసికొనదగిన ప్రవాహము 20 మిల్లీఆంపియర్లు. మన ఉదాహరణములోని మోటారు కదలక ముందు కోరునది 2 ఆంపియర్లు, అనగా నూరు రెట్లు. కావుననే నడుమ డ్రైవరు పలక అవసరము.

ప్రశ్నకు సమాధానము

స్టెప్పరు డ్రైవర్లు రెండు తెగలు. మొదటి తెగలో హెచ్ బ్రిడ్జిల స్విచ్చులకు మనమే నేరుగా ఆజ్ఞ నీయవచ్చును. ఎల్ 298, డి.ఆర్.వి. 8833 ఇట్టివి. వీనితో డి.సి. మోటారును నిస్సంకోచముగా నడుపవచ్చును. బ్రిడ్జిలు రెండు గనుక ఒకే పలకతో రెండు మోటార్లను వేరు వేరుగా నడిపి, రెండు చక్రముల బండిని ఎటు కావలెనన్న అటు త్రిప్పవచ్చును. ఎల్ 298లో ఒక్కొక్క బ్రిడ్జికి రెండు దిశాజ్ఞలు, ఒక అనుమతి కాలు ఉండును. దిశాజ్ఞలలో ఒకదానిని హెచ్చుగాను రెండవదానిని తగ్గుగాను ఉంచినచో ముందునకు, తారుమారు చేసినచో వెనుకకు. అనుమతి కాలికి పి.డబ్ల్యు.ఎం. స్పందనలు ఇచ్చినచో వేగము మారును. ఆర్డుయినోలో ఈ అంకె 0 నుండి 255 వరకు ఉండును. 128 అన్నచో సుమారు సగము.

రెండవ తెగలో చిప్పు లోపలనే వరుసక్రమము వ్రాయబడియుండును. ఎ 4988 ఇట్టిది. దానికి మనమీయగలిగినవి అంచె, దిశ అను రెండు ఆజ్ఞలే. ఒక్కొక్క అంచెకు ఏ చుట్టలో ఎటు ప్రవాహముండవలెనో అదియే నిర్ణయించును. దీని ఒక బ్రిడ్జికి డి.సి. మోటారును తగిలించి పూర్తి అంచెలు వేయించినచో, ప్రవాహము రెండు అంచెలు ముందునకు, రెండు అంచెలు వెనుకకు మారుచుండును. మోటారు అటునిటు అదరునేగాని తిరుగదు. డి.సి. మోటారు లోపల ఒక స్విచ్చి ఇదివరకే కలదు. దానికి బయటనుండి మరియొక వరుసక్రమము అక్కరలేదు. కావున పలక పేరును గాక, లోపలి స్విచ్చులకు మన ఆజ్ఞ నేరుగా అందునా లేదా అనుదానిని చూడవలెను.

మూడు జాగ్రత్తలు చెప్పవలసి యున్నవి. మొదటిది, మోటారు తీగల నడుమ నిరోధమును మల్టీమీటరుతో కొలిచి, ఇరుసును కొంచెము కొంచెము త్రిప్పుచు కనిపించు కనిష్ఠ విలువను తీసికొని, దానితో బ్యాటరీ ఓల్టేజిని భాగింపుడు. వచ్చు ఆంపియర్లు డ్రైవరు భరింపగల పరిమితికి లోబడి ఉండవలెను. ఎల్ 298కి ఒక బ్రిడ్జికి 2 ఆంపియర్లు పరిమితి. రెండవది, ఎల్ 298లోని ట్రాన్సిస్టర్లు 1 ఆంపియరు వద్ద సుమారు 2 ఓల్టులు తామే తినివేయును. 6 ఓల్టులు ఇచ్చినచో మోటారుకు చేరునది 4 ఓల్టులే. బండి మందముగా నడచినచో మోటారును నిందింపరాదు. ఈ చిప్పులో డయోడులు లేవు గనుక పలకపై అవి ఉన్నవో లేవో చూచుకొనవలెను. మూడవది, మోటారు బ్యాటరీ ఋణ ధ్రువమును, మైక్రోకంట్రోలరు ఋణ ధ్రువమును కలుపవలెను. కలుపనిచో ఆజ్ఞ అందదు.

ఇంకొక భేదము మరువరాదు. స్టెప్పరుకు వంద అంచెలు వేయుమన్నచో, మోయలేని బరువు లేనంతవరకు వంద అంచెలే వేయును. డి.సి. మోటారుకు తాను ఎంత తిరిగినదో తెలియదు. దానికి ఇరుసుపై గీతలు గల బిళ్లనుంచి, ఆ గీతలను కాంతితో లెక్కించి, తక్కువైనచో విద్యుత్తు పెంచి, ఎక్కువైనచో తగ్గింపవలెను. ఇట్లు కొలుచుచు దిద్దుకొనుట వలననే పెక్కు ఇంక్‌జెట్ ప్రింటర్లలో సిరా పెట్టెను మోయు పని స్టెప్పరును విడిచి డి.సి. మోటారుకు వచ్చినది.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయించునపుడు మొదట మైక్రోకంట్రోలరును ప్రక్కన పెట్టి, నాలుగు మామూలు స్విచ్చులతో హెచ్ బ్రిడ్జిని కట్టించుట మంచిది. ఒక చిన్న మోటారు, రెండు టార్చి సెల్లులు, బ్యాటరీతో శ్రేణిలో ఒక టార్చి బల్బు చాలును. పొరపాటున ఒకే నిలువు గీతపై నున్న స్విచ్చులు రెండును మూసినపుడు మోటారు తిరుగక బల్బు మాత్రము బాగుగా వెలుగును, సెల్లులు చెడవు. ముందు, వెనుక, నిలుపుదల అను మూడు ఆజ్ఞలను తన చేతివ్రేళ్లతో ఇచ్చిన విద్యార్థికి, అదే పనిని సెకండుకు కొన్ని వందలసార్లు చేయు చిప్పు అద్భుతవస్తువుగా గాక, తెలిసిన సాధనముగా కనిపించును. జహీరాబాదు ప్రాంతమున ట్రాక్టర్లు తయారగుచున్నవి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరములలో జహీరాబాదు కూడ ఉన్నది. రానున్న యంత్రములలో మోటార్లును, వాని అదుపు సాధనములును ఉండక తప్పదు. వానిని మీటలు నొక్కి నడుపుటయేగాక, చెడినపుడు విప్పి కారణము చెప్పగల యువకులను సిద్ధము చేయు పని నేటి పాఠశాల బల్లపై, నాలుగు స్విచ్చులతో మొదలు పెట్టవచ్చును.